మా పాప సైకిల్ బరువు తగ్గించిన డైరీ

జనవరి 5, ఆదివారం

పొద్దున ఆరింటికే నార్సింగి చేరాం. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్ఆర్) పక్కన సైకిల్ ట్రాక్ 2023 అక్టోబర్ 1న తెరిచినప్పటి నుంచి మా గుంపుకి ఆదివారమంటే ఇదే. నార్సింగి నుంచి కొల్లూరు దాకా 14.5 కిలోమీటర్లు, నానక్‌రామ్‌గూడ నుంచి పోలీస్ అకాడమీ దాకా 8.5, రెండూ కలిపి 23. నెత్తిన సోలార్ పలకల కప్పు ఉంటుంది కాబట్టి ఎండ తగలదు, లారీల భయం లేదు. ఆ ధైర్యంతోనే ఈసారి మా పాపని వెంట తెచ్చాను. ఎనిమిదేళ్ళది, మూడో తరగతి.

పాప మూడు కిలోమీటర్లు బాగానే తొక్కింది. తర్వాత కొద్దిపాటి ఎత్తు రాగానే దిగి నెట్టుకుంటూ నడిచింది. "కాళ్ళు నొస్తున్నయి నాన్నా" అంది. ఇంకా అలవాటు కాలేదు, అవుతుందిలే అనుకున్నాను.

తొక్కడం అయ్యాక చాయ్ దగ్గర ఎప్పటిలాగే బరువుల ముచ్చట మొదలైంది. మా గుంపులో కార్బన్ సైకిలున్న తమ్ముడు కొత్త చక్రాలు వేయించాడు. 7.9 కిలోలున్న బండి 7.6కి దిగిందని కళ్ళు మెరుస్తూ చెప్పాడు. ఇంకో అన్న ప్రపంచ సైక్లింగ్ సంఘం యూసీఐ నియమం ఎత్తాడు. 2000 సంవత్సరం నుంచి పోటీ సైకిలు 6.8 కిలోలకు తగ్గకూడదు. ఆ నియమం లేని రోజుల్లో బెల్జియం రేసరు ఎడ్డీ మెర్క్స్ 1972 అక్టోబర్ 25న మెక్సికో సిటీలో ఒక్క గంటలో 49.431 కిలోమీటర్లు తొక్కి రికార్డు పెట్టిన సైకిలు 6 కిలోల లోపే. ఇటలీలో సైకిళ్ళు తయారుచేసే ఎర్నెస్టో కొల్నాగో చేసిన ఆ బండికి చైను లింకులకు కూడా బెజ్జాలు పొడిచారని ఆ అన్న చెబుతుంటే చాయ్ చల్లారిపోయేదాకా విన్నాం. ఈ ముచ్చట్లంటే నాకు ప్రాణం. గ్రాము గ్రాముకీ ఒక కథ ఉంటుంది.

ఇళ్ళకి బయల్దేరేటప్పుడు పాప సైకిల్ని కారెక్కించడానికి ఆ కార్బన్ తమ్ముడే చెయ్యి వేశాడు. ఎత్తబోయి ఆగిపోయాడు. "అన్నా, ఇది నా బండి కంటే డబులుంది!" అన్నాడు. సామాను తూచే కొక్కెం కాటా అందరి దగ్గరా ఉంటుంది కదా, అక్కడికక్కడే తగిలించాం. 13.4 కిలోలు.

ఎవరూ ఏమీ అనలేదు కాసేపు. కాకా మాత్రం అడిగాడు. కాకా అంటే లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరైన మనిషి. మా అందరికీ కాకానే.

"బిడ్డ బరువెంతరా?"

"24 కిలోలు కాకా."

"నీది?"

"78."

ఫోన్ తీసి లెక్క చేసి నాకు చూపించాడు. "ఆమెకు ఈ సైకిలెట్లనో, నీకు నలభై మూడున్నర కిలోల సైకిలట్ల. తొక్కుతవా?"

నా సైకిల్ 11 కిలోలు. అది బరువెక్కువని రెండేళ్ళుగా దాని మీద డబ్బు పోస్తున్నాను. ఇంట్లో చిన్నపిల్ల తన ఒంట్లో సగం కంటే ఎక్కువ బరువున్న ఇనుముని ఈడుస్తుంటే ఒక్కసారి కూడా తూచలేదు. ఇంటికొచ్చేదాకా ఆ నలభై మూడున్నర నన్ను వదల్లేదు. ఈ డైరీ మొదలుపెట్టింది అందుకే.

జనవరి 8, బుధవారం రాత్రి

ముందు డబ్బు ఖర్చు లేని పని. వంటింటి కాటా హాల్లోకి తెచ్చి, ఊడదీసిన ప్రతి ముక్కనీ తూచి నోటుపుస్తకంలో రాశాను. స్టాండు 410 గ్రాములు. వెనక క్యారేజి 620. దాని మీద ఇన్నాళ్ళలో ఒక్క వస్తువు కూడా పెట్టలేదు. మడ్‌గార్డులు రెండూ ఇనుప కమ్మీలతో కలిపి 380. వర్షాలు మొదలయ్యాక మడ్‌గార్డులు మళ్ళీ బిగిస్తాను, అందుకే వాటి బోల్టులు ఒక డబ్బాలో వేసి పేరు రాసిపెట్టాను. స్టాండు లేకపోతే సైకిల్ని గోడకి ఆనించాలి. పాప సరేనంది.

బుట్ట దగ్గర మాత్రం ఒప్పుకోలేదు. తీగ బుట్ట 450 గ్రాములు. "బుట్ట తీయొద్దు నాన్నా, అండ్ల బ్రౌనీ బిస్కెట్లుంటయి" అంది. బ్రౌనీ మా వీధి కుక్క. తీయలేదు. గంట, రిఫ్లెక్టర్ల జోలికి నేను వెళ్ళలేదు, వెళ్ళను కూడా.

చైన్ కవరు తీయడానికి చెయ్యి వెళ్ళింది కానీ ఆగాను. పిల్ల లంగాలు, చుడీదార్లు వేసుకుంటుంది. చైన్లో బట్ట పడితే పడిపోతుంది. దానికి వేరే దారి దొరికేదాకా కవరు ఉంటుంది.

కాటా: 12.0. రూపాయి పెట్టకుండా 1,410 గ్రాములు పోయాయి.

జనవరి 12, ఆదివారం

కాకా తార్నాకలో మా ఇంటికి వచ్చాడు. పని మొదలుపెట్టే ముందు కొలిచి పెట్టుకోవాలన్నాడు, లేకపోతే తేడా తెలియదట. మా వీధి చివర ఒక చడావు ఉంది. పాప ఎప్పుడూ ఎక్కలేనిది అదే. టేపుతో కొలిస్తే 180 మీటర్లు. ఎత్తు కొలవడానికి మేస్త్రీలు వాడే నీళ్ళ పైపు తెచ్చాడు. పారదర్శకంగా ఉండే సన్న పైపు నిండా నీళ్ళు పోసి, ఒక కొన నేను, ఒక కొన ఆయన పట్టుకుని, 20 మీటర్లకోసారి నీటిమట్టం చూసుకుంటూ పోయాం. గంటన్నర పట్టింది. మొత్తం 9 మీటర్లు, అంటే నూటికి 5. పెద్దవాళ్ళకి లెక్కలోకి రాని చడావే.

పాప మూడుసార్లు ప్రయత్నించింది. మూడుసార్లూ వేప చెట్టు దగ్గర, అంటే 110 మీటర్ల దగ్గర దిగిపోయింది. వేప చెట్టు మొదట్లో సుద్దతో గీత గీశాను.

అక్కడ కూర్చునే లెక్క వేశాం. చడావు ఎక్కేటప్పుడు పోసే శక్తిలో ఎక్కువ భాగం మనిషి, సైకిలు కలిపిన బరువుని పైకి లేపడానికే పోతుంది. మొదట్లో పాప, సైకిలు కలిపి 37.4 కిలోలు. అందులో ఒక్క కిలో తగ్గితే నూటికి రెండున్నర పైన తగ్గినట్టు. నాకు, నా సైకిలుకి కలిపి 89. అదే కిలో నాకు నూటికి ఒకటి. మా తమ్ముడి కొత్త చక్రాల 300 గ్రాములు పెద్దమనిషికి నూటికి అర కూడా కాదు. ఆ 300 గ్రాములు మా పాప సైకిల్లోంచి తీస్తే దాని విలువ రెండింతల పైమాటే.

జనవరి 14

సంక్రాంతి. మేడ మీద పతంగులు. పని లేదు.

జనవరి 19, ఆదివారం

ఇవాళ ఫోర్కు, అంటే ముందు చక్రాన్ని పట్టుకునే రెండు కాళ్ళ ముక్క. ఈ సైకిల్ కొన్నప్పుడు ముందు ఫోర్కుకి స్ప్రింగులున్నాయని సంబరపడి కొన్నాం. దుకాణంలో పిల్లలందరూ అదే అడుగుతారు. తీసే ముందు కాకా ఒక పరీక్ష పెట్టాడు. ఫోర్కు లోపలి గొట్టానికి కిందికంటా ఒక సన్నటి ప్లాస్టిక్ ట్యాగు బిగించాడు. స్ప్రింగు ఎంత నొక్కుకుంటే ట్యాగు అంత పైకి జరిగి అక్కడే ఉండిపోతుంది. పాప గుంతల్లోంచి, స్పీడ్ బ్రేకర్ల మీదుగా పావుగంట తిరిగొచ్చింది. ట్యాగు జరిగింది 4 మిల్లీమీటర్లు. 24 కిలోల పిల్లకి ఆ స్ప్రింగు కదలనే కదలదు. అది ఇచ్చేది మెత్తదనం కాదు, బరువు మాత్రమే.

ఆ ఫోర్కు 1,950 గ్రాములు. దానికి బదులు మామూలు ఇనుప ఫోర్కు, 20 అంగుళాల చక్రానిది, 750 రూపాయలకి తెచ్చాం. తూచితే 870. ఒక్క ముక్కలో 1,080 గ్రాములు.

ఫోర్కు మార్చేవాళ్ళు చూసుకోవాల్సింది పొడవు. ఇరుసు నుంచి పైన రెండు కాళ్ళు కలిసే కిరీటం దాకా పాతది 365 మి.మీ., కొత్తది 340. ముందుభాగం అంత దిగితే హేండిల్ గొట్టం నిటారుగా లేస్తుంది, సైకిల్ చురుగ్గా తిరుగుతుంది. పెద్ద సైకిళ్ళకి 20 మి.మీ. తేడా వస్తే ఆ గొట్టం వాలు దాదాపు ఒక డిగ్రీ మారుతుంది. ఇది పొట్టి సైకిల్ కాబట్టి 15 మి.మీ.కే ఒక డిగ్రీ. మాకు ఒకటిన్నర పైన వచ్చింది. పాప తొక్కి చూసి "హేండిల్ జల్దీ తిరుగుతుంది" అంది, పది నిమిషాల్లో అలవాటైపోయింది. ఇంకో మంచి జరిగింది: ఫ్రేము కొంచెం దిగడంతో ఆగినప్పుడు రెండు పాదాలూ నేలకి ఆనుతున్నాయి. అది గమనించింది పాపే.

పైన హేండిల్ తిరిగే చోట ఉండే హెడ్ కప్పుల్లో గ్రీసు ఎండి బంకలా అయిపోయి ఉంది. కిరోసిన్‌తో కడిగి, కొత్త బాల్స్ వేసి, కొత్త గ్రీసు పెట్టాం.

కాటా: 10.9.

జనవరి 26

పొద్దున జెండా వందనం, మధ్యాహ్నం టైర్లు.

పాత టైర్లు 20×2.40, ట్రాక్టర్ టైరులాగా బొడిపెలు. ఒక్కోటి 780 గ్రాములు. కొత్తవి 20×1.50, నున్నటివి, 420. ట్యూబులు 210 నుంచి 110కి. రెండు చక్రాలకీ కలిపి 920 గ్రాములు. పాప తిరిగేది కాలనీ రోడ్లు, ట్రాకు, ఉస్మానియా క్యాంపస్. వాటికి బొడిపెలెందుకు?

అంచున తిరిగే బరువుకి ఇంకో సంగతి ఉంది. టైరు, ట్యూబు, రిమ్ము ముందుకి కదలడమే కాదు, గుండ్రంగా కూడా తిరగాలి. అందుకే ఆగి బయల్దేరేటప్పుడు ఆ గ్రాములు దాదాపు రెండింతలుగా తగులుతాయి. సమానమైన వేగంతో పోతున్నప్పుడు అంత తేడా ఉండదు. కానీ పిల్లలు సమానంగా ఎక్కడ పోతారు? నాలుగడుగులకోసారి ఆగి కుక్కనో పిల్లినో చూసి మళ్ళీ బయల్దేరతారు. కాబట్టి పిల్లల సైకిల్లో డబ్బు పెట్టాలనుకుంటే ముందు టైర్లలో పెట్టమని చెబుతాను.

గాలి గురించి. పంక్చర్ షాపులో అడగకుండానే 50 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) దాకా కొట్టేస్తారు. పెద్దమనిషికి అది సరే, 24 కిలోల పిల్లకి రాయి మీద కూర్చున్నట్టుంటుంది, చక్రం నేల మీద ఎగురుతుంది. మేము గేజీ పెట్టి 28 పీఎస్ఐ దగ్గర ఆపాం. స్ప్రింగు ఫోర్కు ఇవ్వని మెత్తదనం ఈ గాలి ఇచ్చింది.

కాటా: 10.0.

ఫిబ్రవరి 2, ఆదివారం

లాలాగూడలో కాకా ఇంటి వరండా. ఇనుప రిమ్ములు తీసేసి అల్యూమినియం రిమ్ములు వేసే పని. ఇది బరువు కోసమే కాదు. ఇనుప రిమ్ము తడిస్తే బ్రేకు రబ్బరు జారిపోతుంది. అల్యూమినియం మీద తడిలో కూడా పట్టు దొరుకుతుంది. వానాకాలం వచ్చేలోపు ఇది అయిపోవాలని నా పట్టుదల.

చక్రం మధ్యలో పాత హబ్బులే, 36 పుల్లలవి. కాకా ఒక్కో పుల్లనీ దూర్చి, ప్రతి పుల్లా పక్కవాటిని మూడుసార్లు దాటేలా అల్లుతుంటే పాప పక్కన కూర్చుని నిప్పళ్ళు, అంటే పుల్ల కొసన బిగించే చిన్న నట్లు, అందించింది. అల్లడం గంట, బెండు తీయడం రెండు గంటలు. చక్రం తిప్పుతూ, బ్రేకు రబ్బరుకి ఎక్కడ తగులుతుందో చూసి, అక్కడ ఎదురు పుల్లని పావు చుట్టు బిగించడం. చివర్లో ఆయన ఒక్కో పుల్లనీ గోటితో మీటి విన్నాడు. ఒకవైపు పుల్లలన్నీ ఒకే శ్రుతిలో పలకాలట. వదులుగా ఉన్నది మందంగా మోగుతుంది. పాప కళ్ళు మూసుకుని విని రెండు వదులు పుల్లల్ని పట్టుకుంది. కాకా ముఖం వెలిగిపోయింది. "వర్క్‌షాపుల ఉండాల్సిన బిడ్డరా" అన్నాడు.

రిమ్ములు రెండింటిలో కలిపి 560 గ్రాములు తగ్గాయి. రిమ్ములకీ పుల్లలకీ అయింది 2,100 రూపాయలు. కాకా కూలి తీసుకోలేదు. పాపతో గాజుల డబ్బాలో మిగిలిన నిప్పళ్ళు పోయించుకున్నాడు.

కాటా: 9.4.

ఫిబ్రవరి 5, బుధవారం

సాయంత్రం బడి నుంచి రాగానే పాప సైకిలెక్కింది, గాలి దిగిపోయింది. ప్యాచ్ వేశాను. మళ్ళీ దిగింది. ఇంకో ప్యాచ్. రాత్రికి మళ్ళీ. టైరు లోపల వేలితో తడిమి చూశాను, ముల్లు లేదు, గాజుపెంకు లేదు. గండిపేట వైపు తిరిగే మాకు సర్కారు తుమ్మ ముళ్ళు అలవాటే కాబట్టి ముందు వాటి మీదే అనుమానం.

కాకాకి ఫోన్ చేశాను. "బెజ్జం ఏ దిక్కుంది? నేల దిక్కా, రిమ్ము దిక్కా?" అని అడిగాడు. చూస్తే మూడూ రిమ్ము వైపే. ట్యూబు లోపలివైపు బెజ్జం పడితే తప్పు రోడ్డుది కాదు. కొత్త రిమ్ములో నిప్పల్ గుంతల మీద పట్టీ వేయడం మర్చిపోయాం. సన్న ట్యూబు ఆ గుంతల్లోకి ఉబ్బి, అంచులకి కోసుకుపోతోంది. బట్ట పట్టీ రెండు చుట్లు వేశాను. 30 గ్రాములు పెరిగింది. మళ్ళీ గాలి దిగలేదు.

ఫిబ్రవరి 9 నుంచి 16 వరకు

ఈ వారమంతా క్రాంకు. ఇందులో నాకు తెలియనిది చాలా ఉందని తెలిసింది.

ఈ సైకిల్‌కి ఒకే ముక్క ఇనుప క్రాంకు. ఎడమ పెడల్ నుంచి కుడి పెడల్ దాకా ఒకటే కడ్డీ, మెలికలు తిప్పి ఫ్రేములోంచి దూర్చింది. చైన్‌రింగు, అంటే చైను తిప్పే ముందు పళ్ళ చక్రం, కప్పులు, బాల్స్ అన్నీ కలిపి 1,420 గ్రాములు. నా దృష్టంతా ఆ బరువు మీదే ఉంది. కాకా కాటా వైపు చూడలేదు, టేపు తీసి క్రాంకు పొడవు కొలిచాడు. ఇరుసు మధ్య నుంచి పెడల్ మధ్యకి 152 మి.మీ., అంటే సరిగ్గా 6 అంగుళాలు.

"నీ క్రాంకెంత?"

"170."

"నీ ఎత్తు?"

"173 సెంటీమీటర్లు."

"బిడ్డది?"

"125."

ఇక చెప్పనక్కర్లేకపోయింది. నా ఎత్తులో పదో వంతు నా క్రాంకు. ఆ లెక్కన పాపకి 125 మి.మీ. ఉండాలి. 152 క్రాంకుతో పెడల్ పైకొచ్చిన ప్రతిసారీ మోకాలు పొట్టదాకా వస్తోంది. చడావు మీద కాళ్ళు నొప్పులన్నది బరువు వల్ల ఒక్కటే కాదు. నేను వీధిలో నిలబడి పాప తొక్కడాన్ని పక్క నుంచి వీడియో తీసి చూశాను. తుంటి అటూ ఇటూ ఊగుతోంది. రోజూ చూస్తున్నదే, ఇన్నాళ్ళూ కనపడలేదు.

పొట్టి క్రాంకులు బజార్లో అడిగితే దొరకలేదు. కాకా దారి వేరు: పెద్ద సైకిల్ అల్యూమినియం క్రాంకు తీసుకుని, కొత్త బెజ్జం పొడిచి, పొట్టి చేయడం. దానికి క్రాంకు గట్టిముక్క అయ్యుండాలి, లోపల బోలుగా ఉండకూడదు, వీపున గాడి ఉండకూడదు. పాత సామాన్లలో 165 మి.మీ. క్రాంకు జత 800 రూపాయలకి దొరికింది. 127 దగ్గర కొత్త బెజ్జం. పాత బెజ్జానికీ కొత్తదానికీ మధ్య 38 మి.మీ. ఉంటుంది కాబట్టి లోహం సరిపోతుంది.

బాలానగర్‌లో లేత్ షాపుకి తీసుకెళ్ళాం. అక్కడ పనిచేసే అన్న క్రాంకుని తిప్పితిప్పి చూసి బెజ్జం పొడవడానికి ఒప్పుకున్నాడు కానీ మర కోసే దగ్గర ఆగాడు. పెడల్ మర 9/16 అంగుళం, అంగుళానికి 20 చుట్లు. కుడిది మామూలు మర, ఎడమది ఉల్టా మర. ఎడమ పెడల్ తొక్కుతుంటే ఊడిపోకుండా ఉండటానికే అలా పెడతారు. కుడి మర కోసే ట్యాపు ఆయన దగ్గరుంది, ఉల్టా ట్యాపు లేదు. మర్నాడు రాణిగంజ్‌లో నాలుగు దుకాణాలు తిరిగాను, దొరకలేదు. చివరికి కాకా తనకి తెలిసిన ముసలి సైకిల్ మిస్త్రీ పెట్టెలోంచి రెండు ట్యాపులూ అరువు తెచ్చాడు.

బెజ్జం నిట్టనిలువుగా పడాలి. వంకర పడితే పెడల్ ఊగుతుంది, పాదం మెలి తిరుగుతుంది. లేత్ అన్న క్రాంకుని ఇరుసు రంధ్రం ఆధారంగా బిగించి, రెండు చేతులకీ ఒకే అమరికలో పొడిచాడు. మిగిలిన కొసలు కోసి, ఆకురాయి పెట్టి అంచులు గుండ్రం చేశాడు. ఎవరి కోసమో చెప్పాక ఇసుక కాగితంతో ఇంకో పావుగంట రుద్దాడు. 400 రూపాయలే తీసుకున్నాడు.

ఒకే ముక్క క్రాంకు వెళ్ళే ఫ్రేములో పెద్ద గుండ్రటి రంధ్రం ఉంటుంది. దానికి అడాప్టర్ వేసి మామూలు మర ఉన్న బాటమ్ బ్రాకెట్, అంటే క్రాంకు ఇరుసు తిరిగే భాగం, బిగించాం. పాత క్రాంకు తీసేటప్పుడు గుర్తుంచుకోవాల్సింది: ఎడమవైపు నట్టు కూడా ఉల్టా మరే, కుడివైపు తిప్పితే వదులవుతుంది. కొత్త బ్రాకెట్‌కి మాత్రం కుడివైపు కప్పు ఉల్టా. నేను ఒకసారి తప్పువైపు బలం పెట్టబోయాను, కాకా చెయ్యి పట్టుకుని ఆపాడు.

కొత్త సరంజామా అంతా 1,040 గ్రాములు. తగ్గింది 380. వారం కష్టానికి, దాదాపు 2,500 రూపాయలకి ఇది తక్కువ అనిపించొచ్చు. కానీ మొత్తం పనిలో దేనికి ఎక్కువ ఫలితం వచ్చిందని నన్నడిగితే ఈ 25 మి.మీ. పొట్టిదనానికే అని చెబుతాను. పాప తుంటి ఊగడం ఆగిపోయింది.

క్రాంకు పొట్టిదైతే మీట బలం తగ్గుతుంది, కాబట్టి గేరు కూడా దింపాలి. ముందు 36 పళ్ళు, వెనక 16 ఉండేవి. ఇప్పుడు 32, 18. పాత పళ్ళతో పెడల్ ఒక చుట్టుకి సైకిల్ దాదాపు 3.35 మీటర్లు పోయేది, ఇప్పుడు 2.65 మీటర్లు. నిమిషానికి 80 చుట్లు తిప్పితే గంటకి 12 కిలోమీటర్ల పైనే వెళ్తుంది. ఎనిమిదేళ్ళ పిల్లకి అది చాలు.

కొత్త చైన్‌రింగు మీద వెడల్పాటి ప్లాస్టిక్ పళ్ళెం ఉంది, బట్ట చైన్లో పడదు. అప్పుడు పాత ఇనుప కవరు తీశాం. దాంతో ఇంకో 170 గ్రాములు.

కాటా: 8.9.

ఫిబ్రవరి 23, ఆదివారం

సీటు, సీటు గొట్టం. స్ప్రింగుల సీటు 700 గ్రాములు, పిల్లల సన్న సీటు 260. గొట్టం ఇనుముది 340, అల్యూమినియంది 210. చెప్పడానికి ఇంకేమీ లేదు.

బ్రేకుల గురించి మాత్రం చెప్పాలి. పాప వేళ్ళు బ్రేకు మీటని అందుకోవడానికి హేండిల్ పట్టు వదలాల్సి వస్తోంది. మీట వెనక చిన్న మర ఉంటుంది, దాన్ని లోపలికి తిప్పితే మీట చేతికి దగ్గరవుతుంది. రెండు నిమిషాల పని. తుప్పుపట్టిన వైర్లు తీసి కొత్తవి వేశాక రెండు వేళ్ళతోనే చక్రం ఆగుతోంది. దీనివల్ల ఒక్క గ్రాము తగ్గలేదు, కానీ పాపని రోడ్డు మీదికి పంపేటప్పుడు నా గుండెల్లో బరువు తగ్గింది.

కాటా: 8.3.

మార్చి 2, ఆదివారం

మళ్ళీ నార్సింగి, మళ్ళీ చాయ్. ఈసారి ముచ్చటంతా పాప సైకిలే. ఎవరికి వాళ్ళు ఎత్తి చూశారు. ఇంకా ఎక్కడ తగ్గించొచ్చో సలహాలు కురిశాయి. కార్బన్ తమ్ముడు టైటానియం బోల్టులన్నాడు. లెక్క చూశాం. ఇనుము సాంద్రత 7.85, టైటానియంది 4.5. ఈ సైకిల్లో బోల్టులన్నీ కలిపి 200 గ్రాములుంటే టైటానియంవి 115 అవుతాయి. 85 గ్రాముల కోసం పాప చక్రాలన్నిటికంటే ఎక్కువ ఖర్చు. వద్దనుకున్నాం. ఇంకో అన్న మెర్క్స్ సైకిల్‌లాగా ఇనుప హేండిల్‌కీ చైన్‌రింగుకీ బెజ్జాలు పొడుద్దామన్నాడు. కాకా చాయ్ గ్లాసు కింద పెట్టాడు.

"అది ఒక్క గంట తొక్కనీకి చేసిన బండి. ఇది బిడ్డ రోజూ తొక్కేది. హేండిల్ ఇరిగితే మూతి మీద పడ్తది. ఇంక ముట్టకుండ్రి."

అదే ఆఖరి మాట. బుట్ట ఒక్కటి మిగిలింది. తీగ బుట్ట బదులు ప్లాస్టిక్ అల్లిక బుట్ట, 180 గ్రాములది, పాప తనే రంగు ఎంచుకుంది. పసుపుపచ్చ. బ్రౌనీ బిస్కెట్లకి చోటుంది.

కాటా: 8.1. పట్టీ బరువుతో సహా.

ఖర్చు మొత్తం కూడితే 8,400 రూపాయలు. సైకిల్ కొన్న ధర కంటే ఎక్కువే. కొత్తగా కొనేవాళ్ళు ఈ డబ్బంతా కలిపి మొదట్లోనే తేలిక అల్యూమినియం సైకిల్ చూసుకోవడం మంచిది. దుకాణానికి కాటా పట్టుకెళ్ళండి, అడగడానికి మొహమాటపడొద్దు. స్ప్రింగుల ఫోర్కూ, లావు టైర్లూ ఉన్నదాన్ని పిల్లలు అడుగుతారు. తూచి చూపిస్తే వాళ్ళే మనసు మార్చుకుంటారు.

అన్నట్టు, మొదటి రోజు లెక్క మళ్ళీ వేశాను. పాప, సైకిల్ కలిపి 37.4 నుంచి 32.1కి వచ్చారు. నూటికి 14 తగ్గింది. అంత వాటా నాకు తగ్గాలంటే 89లోంచి పన్నెండున్నర కిలోలు పోవాలి. నా సైకిలు మొత్తం తీసేసినా రాదు. ఈ ముక్క చెప్పగానే కార్బన్ తమ్ముడు తన చక్రాల వైపు కాసేపు చూసి, వాళ్ళ అన్న కొడుకు సైకిల్ వచ్చే వారం తెస్తానన్నాడు.

మార్చి 9, ఆదివారం

పొద్దున ఆరున్నరకి మా వీధి చడావు. కాకా పైన, నేను కింద. వేప చెట్టు దగ్గర సుద్దగీత సగం చెరిగిపోయింది కానీ ఆనవాలుంది.

పాప మెల్లగా మొదలుపెట్టింది. 110 దగ్గర నా ఊపిరి ఆగింది. దాటింది. చెట్టు దాటాక ఒకసారి వంకరగా పోయి, నిలదొక్కుకుని, సీటు మీద నుంచి లేవకుండా తిప్పుకుంటూ పైదాకా పోయింది. కాకా చప్పట్లు కొడుతున్నాడు, బ్రౌనీ వెంట పరిగెడుతోంది. పాప పైన ఆగి, సైకిల్ని గోడకి ఆనించి, ముందు బుట్టలోంచి బిస్కెట్ తీసి దానికి పెట్టింది. తర్వాత నాకు చెయ్యి ఊపింది.

ఐదుసార్లు ఎక్కింది. మూడోసారి నన్ను కూడా తనతోపాటు ఎక్కమంది.

పనులు మిగిలాయి: కొత్త క్రాంకు బోల్టులు మొదటి 50 కిలోమీటర్ల తర్వాత మళ్ళీ బిగించాలి, ఆ అల్యూమినియం ముక్క ఇరుసు మీద ఇంకొంచెం కూర్చుంటుంది. వదిలేస్తే రంధ్రం అరిగి క్రాంకే పోతుంది. సీటు ఒక సెంటీమీటరు పైకి లేపాలి, పాప ఎత్తు ఇప్పుడు 126. ట్యాపులు మిస్త్రీకి తిరిగివ్వాలి. నూనె రాసి, బట్టలో చుట్టి పెట్టాను.